పాలు పొంగేలోగా: ఒక పనికి ఒక ప్రాసెసర్‌ని కేటాయించిన చరిత్ర



ఇంట్లో పాలు కాచడం మీరంతా చూసే ఉంటారు. గిన్నె పొయ్యి మీద పెట్టాక చాలాసేపు ఏమీ జరగదు. ఆ తరవాత మీగడ కదులుతుంది, అంచుల్లో బుడగలు వస్తాయి, పాలు ఒక్కసారిగా పైకి లేస్తాయి. అప్పుడు మనకు దొరికే వ్యవధి రెండు మూడు సెకన్లు. ఆలోగా మంట తగ్గిస్తే సరి, లేకపోతే పాలు పొయ్యిపాలు. “పాలు చూస్తూ ఉండు” అని అమ్మ మిమ్మల్ని అక్కడ నిలబెట్టినప్పుడు మీరు చేసే పని ఎంత? దాదాపు సున్నా. అయినా ఒక మనిషి అక్కడ ఉండాలి. కూరలు తరుగుతూ, ఫోనులో మాట్లాడుతూ మధ్యమధ్య పాలకేసి చూసే మనిషి ఎంత చురుకైనవారైనా ఏదో ఒక రోజు పాలు పొంగిస్తారు.

ఈ పాఠంలో మనం తెలుసుకోబోయేది ఆ పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి గురించే. కాకపోతే మనిషి బదులు ప్రాసెసర్ ఉంటుంది. వాషింగ్ మెషీన్, కారు ఇంజను, ఆసుపత్రిలో వెంటిలేటర్ వంటి పరికరాల లోపల ఇమిడి ఉండి, బయటికి కంప్యూటర్‌లా కనిపించని కంప్యూటర్లను ఎంబెడెడ్ సిస్టమ్స్ అంటాం. ఏదైనా ఒక సంఘటన జరిగిన క్షణానికీ, దానికి కంప్యూటర్ స్పందించిన క్షణానికీ మధ్య పట్టే జాప్యాన్ని లేటెన్సీ అంటాం. కొన్ని పనుల్లో ఈ జాప్యం సగటున తక్కువగా ఉంటే చాలదు. ప్రతిసారీ, తప్పకుండా, ఒక గడువు దాటకుండా ఉండాలి. టెలివిజన్‌లో సెకనుకు 25 చిత్రాలు వస్తాయి, అంటే ఒక్కో చిత్రానికి 40 మిల్లీసెకన్లు. ఒక చిత్రం ఆలస్యమైతే మీకు తెర కాస్త ఉలిక్కిపడినట్టు కనిపిస్తుంది, అంతే. వెంటిలేటర్‌లో వాల్వు ఆలస్యంగా తెరుచుకుంటే ఆ మాట అనలేం.

నా అనుభవం ఒకటి చెబుతాను. 2000 ప్రాంతంలో ఒక కళాశాల ప్రయోగశాలలో మా విద్యార్థులు స్టెప్పర్ మోటారును పీసీతో తిప్పుతున్నారు. ప్రింటర్ తగిలించే పోర్టు ద్వారా పల్సులు పంపడం, ఒక్కో పల్సుకు మోటారు 1.8 డిగ్రీలు తిరగడం, ఇదీ ప్రయోగం. చుట్టుకు 200 పల్సులు. సెకనుకు 5 చుట్లు కావాలంటే సెకనుకు 1000 పల్సులు, అంటే మిల్లీసెకనుకు ఒకటి. ప్రోగ్రాం బాగానే నడిచింది. కానీ పక్కన ఎవరైనా మౌస్ కదిపినా, ఒక ఫైలు తెరిచినా మోటారు గింజుకున్నట్టు అదిరి ఆగిపోయేది. కంప్యూటర్ ఒక్క 20 మిల్లీసెకన్లు వేరే పనిలో పడితే 20 పల్సులు రావు. మోటారు ఠక్కున ఆగుతుంది, మళ్లీ ఆ వేగాన్ని ఒక్కసారిగా అందుకోలేక అడుగులు తప్పుతుంది. సరే, వేగం చాలడం లేదనుకుని రెట్టింపు వేగమున్న పీసీ తెచ్చాం. అదే అదురు! చివరికి ఒక విద్యార్థిని 8051 మైక్రోకంట్రోలర్ బోర్డును మధ్యలో పెట్టింది. పీసీ “ఇన్ని అడుగులు వెయ్యి” అని చెప్పి ఊరుకుంటుంది, పల్సులు లెక్కపెట్టి పంపే పని మాత్రం 8051దే. దాని గడియారం కేవలం 12 మెగాహెర్ట్జ్, ఒక్కో చిన్న ఆదేశానికి ఒక మైక్రోసెకను. పీసీ ముందు అది పసిపిల్ల. కానీ మోటారు పాలు తాగిన పిల్లిలా మెత్తగా తిరిగింది. వేగం వేరు, సమయానికి అందడం వేరు అని నాకు బోధపడింది పుస్తకంలో కాదు, ఆ బల్ల దగ్గరే.

ఇంత తేలికైన ఉపాయం మొదటి నుంచీ ఎందుకు వాడలేదని మీరు అడగవచ్చు. 1950లలో ప్రాసెసర్ అంటే గది నిండా ఉండే యంత్రం, ఖరీదు లక్షల డాలర్లు. అంత ఖరీదైన యంత్రాన్ని ఒక టేప్ రీడర్ ముందు చేతులు కట్టుకుని నిలబెట్టడం ఎవరికీ ఇష్టం లేదు. అందుకే ఇంటరప్ట్ అనే పద్ధతి పుట్టింది. కాలింగ్ బెల్ లాంటిదన్నమాట. ప్రాసెసర్ తన పని తాను చేసుకుంటూ ఉంటుంది, గంట మోగితే ఉన్న పని ఆపి, ఎక్కడ ఆపిందో గుర్తు పెట్టుకుని, తలుపు తీసి వస్తుంది. ఆ రోజుల్లో నెదర్లాండ్స్‌లో ఎలక్ట్రాలజికా ఎక్స్1 అనే యంత్రానికి ప్రోగ్రాములు రాసిన ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా ఈ గంటను చూసి భయపడ్డాడు. గంట ఏ క్షణంలో మోగుతుందో తెలియదు కాబట్టి, ఒకసారి జరిగిన తప్పు మరోసారి అలాగే జరుగుతుందన్న నమ్మకం లేదు, మరి దాన్ని పట్టుకునేదెలా? ఆ పద్ధతిని యంత్రంలో చేర్చడాన్ని కొన్ని నెలలు వాయిదా వేయించాడు కూడా. తరవాత ఆ సమస్యనే తీసుకుని 1959లో డాక్టరేట్ పరిశోధన గ్రంథం సమర్పించాడు. ఇంటరప్టుల వెంట వచ్చే తప్పుల గురించి ఆయన భయం వట్టిది కాదని ఆ తరవాతి తరాల ఇంజనీర్లందరికీ తెలిసివచ్చింది.

గంట మోగినప్పుడు ఏం జరుగుతుందో కాస్త నిదానంగా చూడండి. ప్రాసెసర్ చేతిలో ఉన్న ఆదేశం పూర్తి కావాలి. రిజిస్టర్లలో ఉన్న విలువలు దాచాలి. ఎవరు గంట కొట్టారో చూడాలి. అంతకు ముందే ఇంకో గంటకు జవాబిస్తూ ఉంటే అది అయ్యేదాకా ఆగాలి. ఒక్కొక్కటీ చిన్నదే. కానీ అన్నీ ఒకేసారి పడితే జాప్యం ఎంతో ముందుగా చెప్పలేం. ఇంజనీరును నిద్రపోనివ్వనిది సగటు కాదు, ఆ చెప్పలేని గరిష్ఠం.

రెండో దారిని ధైర్యంగా పట్టినవాడు సీమోర్ క్రే. అమెరికాలో కంట్రోల్ డేటా కార్పొరేషన్ 1964లో విడుదల చేసిన సీడీసీ 6600 యంత్రం ఆయన రూపకల్పన. ఆ కాలానికి ప్రపంచంలో అత్యంత వేగవంతమైన కంప్యూటర్ అది. (అదే కంపెనీకి చెందిన సీడీసీ 3600ను అదే సంవత్సరం ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌లో నెలకొల్పారు. మన దేశంలో ఒక తరం శాస్త్రవేత్తలు దాని మీదే లెక్కలు చేశారు.) 6600లో ప్రధాన ప్రాసెసర్‌కి లెక్కలు చేయడం తప్ప మరో పని లేదు. టేపులు, ప్రింటర్లతో మాట్లాడే ఆదేశాలే దానికి లేవు. ఆ పనులన్నిటికీ పక్కన పది చిన్న పెరిఫెరల్ ప్రాసెసర్లను పెట్టాడు క్రే. ఒక్కో దానికి 12 బిట్ల మాటలు 4096 పట్టే సొంత మెమరీ. వాటిలో ఒకటి శాశ్వతంగా యంత్రం మొత్తాన్ని పర్యవేక్షిస్తుంది, మరొకటి శాశ్వతంగా ఆపరేటర్ తెరను చూసుకుంటుంది. లెక్కల ప్రోగ్రాంకు ఏదైనా కావాలంటే మెమరీలో ఒక నిర్ణీత స్థానంలో చీటీ రాసి పెడుతుంది. పర్యవేక్షించే చిన్న ప్రాసెసర్ పదే పదే ఆ స్థానాన్ని చూస్తూ ఉంటుంది. గంట లేదు, పొయ్యి దగ్గర మనిషి ఉన్నాడు.

ఇందులో ఒక చమత్కారం ఉంది. ఆ పది ప్రాసెసర్లకూ విడివిడిగా పది గణిత యంత్రాంగాలు లేవు! ఉన్నది ఒక్కటే. పది జతల రిజిస్టర్లు రంగులరాట్నంలా దాని ముందు నుంచి తిరుగుతూ పోతాయి. ఒక్కో దానికి 100 నానోసెకన్ల వంతు, పది వంతులు తిరిగేసరికి 1000 నానోసెకన్లు, అంటే ఒక మైక్రోసెకను. పంచుకున్నట్టే, కానీ వంతు తప్పదు. పక్కవాడికి ఎంత పని ఉన్నా మీ వంతు మీకు కచ్చితంగా మైక్రోసెకనుకు ఒకసారి వస్తుంది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో అత్యంత అందమైన ఆలోచన ఇదే. 2006లో ప్యారలాక్స్ కంపెనీ తెచ్చిన ప్రొపెల్లర్ అనే చిప్‌లో దీని పోలికలు కనిపిస్తాయి. అందులో ఎనిమిది కోర్లు, ఇంటరప్టులు అసలే లేవు. ఉమ్మడి మెమరీని అందుకోవడానికి ఎనిమిదింటికీ వంతులు.

ఇప్పుడు ఒకే ప్రాసెసర్‌తో అన్ని పనులూ చేయించిన యంత్రం దగ్గరికి వద్దాం. 1969 జూలై 20. అపోలో 11 చంద్రనౌక ఈగిల్ కిందికి దిగుతోంది. లోపల నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, బజ్ ఆల్డ్రిన్. నౌకను నడుపుతున్న కంప్యూటర్‌ను ఎంఐటీ ఇన్‌స్ట్రుమెంటేషన్ ల్యాబొరేటరీలో రూపొందించారు. మార్చి రాయగల మెమరీ 2048 మాటలు, చెరగని మెమరీ 36,864 మాటలు, ఒక మెమరీ చక్రానికి 11.7 మైక్రోసెకన్లు. మీ చేతి ఫోనుతో పోల్చనక్కరలేదు, మా 8051తో పోల్చినా తీసికట్టే. ఈ ఒక్క ప్రాసెసర్ ప్రతి సెకనులో పదోవంతుకు ఒకసారి నౌక వాలును సరిచూడాలి, ప్రతి 2 సెకన్లకు దారి, ఇంజను తోపు లెక్క వేయాలి, మధ్యలో వ్యోమగాములకు అంకెలు చూపించాలి. ఏ పని ముందు, ఏ పని వెనక అని నిర్ణయించే ఎగ్జిక్యూటివ్ అనే ప్రోగ్రాంను హాల్ లానింగ్ రూపొందించాడు. ప్రతి పనికీ ఒక ప్రాధాన్యం ఉంటుంది.

దిగడం మొదలైన సుమారు 5 నిమిషాలకు తెర మీద 1202 అని హెచ్చరిక వెలిగింది. కొత్త పనికి మెమరీలో చోటు లేదని దాని అర్థం. హ్యూస్టన్‌లో 26 ఏళ్ల స్టీవ్ బేల్స్, అతనికి వెనక గది నుంచి సాయం చేస్తున్న 24 ఏళ్ల జాక్ గార్మన్ కొద్ది సెకన్లలో తేల్చుకుని ముందుకు సాగమన్నారు. దిగేలోగా 1202 మరి మూడుసార్లు, 1201 ఒకసారి వచ్చాయి.

కారణం తరవాత తెలిసింది. పైన తిరుగుతున్న కమాండ్ మాడ్యూల్ దూరాన్ని కొలిచే రాడార్ స్విచ్, కంప్యూటర్‌కు సంబంధం లేని స్థానంలో ఉంది. రాడార్ కోణాలను అంకెలుగా మార్చే పరికరానికి అందే రెండు విద్యుత్ సంకేతాల దశ కలవలేదు. దాంతో అది ఉన్న చోటే ఉన్న రాడార్ కదులుతున్నట్టు భ్రమపడి రెండు కోణాలకూ ఆగకుండా పల్సులు పంపింది. ఒక్కో కోణానికి సెకనుకు గరిష్ఠంగా 6400. ఇక్కడ కలం తీసుకోండి, ఒక చిన్న లెక్క వేద్దాం. రెండు కోణాలకు 12,800 పల్సులు. ఒక్కో పల్సును లెక్కలో చేర్చడానికి ఒక మెమరీ చక్రం, 11.7 మైక్రోసెకన్లు. రెంటినీ గుణిస్తే దాదాపు 0.15 సెకను వస్తుంది. అంటే ప్రతి సెకనులో గరిష్ఠంగా 15 శాతం మాయం!

మాయం అనే మాట కావాలనే వాడుతున్నాను. ఈ చక్రాలను తీసుకున్నది ఏ ప్రోగ్రామూ కాదు, హార్డ్‌వేర్. ఎగ్జిక్యూటివ్ చేతిలోని ప్రాధాన్యాల జాబితాలో రాడార్ పల్సుల పేరే లేదు. దాని దృష్టిలో ప్రతి పనీ కారణం లేకుండా నెమ్మదించింది. 2 సెకన్ల లెక్క 2 సెకన్లలో పూర్తి కాలేదు, అది ముగియకుండానే తరవాతిది మొదలైంది, చోటు నిండిపోయింది. అయినా నౌక కూలలేదు. హెచ్చరిక రాగానే కంప్యూటర్ తనను తాను మళ్లీ మొదలుపెట్టుకుని, ముఖ్యమైన పనులను ఆగిన చోటు నుంచి అందుకుని, అంకెలు చూపించడం వంటి తక్కువ పనులను వదిలేసేలా ప్రోగ్రాములు రాశారు. మార్గరెట్ హామిల్టన్ నాయకత్వంలోని బృందం పనితనం అది. కాబట్టి పంచుకునే పద్ధతి చెడ్డదని నేను అనను. ముందుచూపుతో చేస్తే అది ఇద్దరు మనుషులను చంద్రుడి మీద దించింది. ఆ నౌకలోనే ఇంకో చిన్న కంప్యూటర్ కూడా ఉంది. దిగడం సాధ్యం కాకపోతే వాళ్లను మళ్లీ పైకి చేర్చడమొక్కటే దాని పని. ఆ రోజు దాని అవసరం రాలేదు.

ట్రాన్సిస్టర్లు చవకయ్యేకొద్దీ ఖాళీగా కూర్చునే ప్రాసెసర్‌ని చూస్తే కలిగే బాధ తగ్గుతూ వచ్చింది. కారు ఇంజను తీసుకోండి. నిమిషానికి 6000 చుట్లంటే ఒక చుట్టుకు 10 మిల్లీసెకన్లు, ఒక డిగ్రీకి సుమారు 28 మైక్రోసెకన్లు. స్పార్కు ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా ఇంజను శక్తి తగ్గుతుంది, పొగ మారుతుంది. 1990 ప్రాంతంలో మోటరోలా తెచ్చిన 68332 చిప్‌లో ప్రధాన ప్రాసెసర్ పక్కనే కాలం కొలవడానికి మాత్రమే ఒక చిన్న యంత్రాంగం ఉంది. దానికి 16 దారులు. “ఈ డిగ్రీ దగ్గర స్పార్కు ఇవ్వు” అని ప్రధాన ప్రాసెసర్ చెబితే, ఆ క్షణం కోసం కాచుకుని ఉండేది అది.

ఇక సాధారణ కంప్యూటర్లలోనే రెండు, నాలుగు కోర్లు రావడంతో 2000ల తరవాత ఈ ఉపాయం సామాన్యులకూ అందింది. లినక్స్‌లో ఐసోల్‌సీపీయూస్ అనే ఒక మాట బూట్ సమయంలో రాస్తే, చెప్పిన కోర్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ మామూలు పనుల పంపకం నుంచి తప్పిస్తుంది. మనం కోరిన ఒక్క పనిని అక్కడ పెట్టుకోవచ్చు. లేత్, మిల్లింగ్ యంత్రాలను పీసీతో నడిపే లినక్స్‌సీఎన్‌సీ వాడేవాళ్లు, మా ప్రయోగశాలలో మేం పడ్డ తంటాలే పడుతున్నవాళ్లు, దీన్ని బాగా ఉపయోగించుకున్నారు. రెండు కోర్ల చవక బోర్డులో ఒక కోర్ పూర్తిగా పల్సులకు, రెండోది తెరకు, మౌస్‌కు, ఫైళ్లకు.

కానీ కేటాయించినంత మాత్రాన ఆ కోర్ మీదైపోయిందనుకోకండి. మామూలు లినక్స్ ప్రతి కోర్‌లోనూ సెకనుకు 100 నుంచి 1000 సార్లు టైమర్ టిక్కు కొడుతుంది. వేరు చేసిన కోర్‌కూ అది తప్పలేదు. ఒకే పని నడుస్తున్న కోర్‌లో టిక్కును దాదాపుగా ఆపే సౌకర్యం 2013లో వచ్చింది. ఇంకో చిక్కు లినక్స్‌కు కూడా తెలియదు. ఇంటెల్ 1990లో 386ఎస్ఎల్ చిప్‌తో ప్రవేశపెట్టిన సిస్టమ్ మేనేజ్‌మెంట్ ఇంటరప్ట్ పీసీలలో ఇప్పటికీ ఉంది. ఫ్యాన్ వేగం, విద్యుత్ పొదుపు వంటి పనుల కోసం మదర్‌బోర్డు లోపలి ప్రోగ్రాం ఎప్పుడైనా ప్రాసెసర్‌ని కాసేపు లాక్కుంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు కబురు ఉండదు, దాని దృష్టిలో గడియారం ఉన్నట్టుండి ముందుకు దూకుతుంది, అంతే. ఇల్లు అద్దెకిచ్చి, మారుతాళం తన దగ్గరే పెట్టుకున్న యజమాని లాంటిదన్నమాట. ఈగిల్‌లో రాడార్ పల్సులు చేసిందీ ఇదే కదా? పైగా కోర్లు వేరైనా మెమరీకి వెళ్లే దారి ఒక్కటే. పక్క కోర్ పెద్ద ఫైలు కాపీ చేస్తుంటే మీ కోర్ ఆ దారిలో నిలబడాల్సి రావచ్చు. ఉమ్మడి తాళాలూ అంతే. 1997 జూలై 4న కుజుడి మీద దిగిన పాత్‌ఫైండర్ కొద్ది రోజులకు తనంతట తాను రీసెట్ కావడం మొదలుపెట్టింది. వాతావరణ కొలతల చిన్న పని ఒక తాళం పట్టుకుని ఉండగా, మధ్యస్థ ప్రాధాన్యం ఉన్న పనులు దాన్ని ఆపేశాయి, ఆ తాళం కోసం ఎక్కువ ప్రాధాన్యం ఉన్న పని వేచి చూసింది. భూమి నుంచి చిన్న మార్పు పంపి సరిచేశారు. అక్కడ ఉన్నది ఒక్క ప్రాసెసరే, కానీ రెండు కోర్లు ఒకే తాళం పంచుకున్నా చిక్కు ఇలాంటిదే.

అందుకే కొందరు రూపకర్తలు ఏదీ పంచుకోనక్కరలేని చిన్న కోర్‌ను పెద్ద ప్రాసెసర్ పక్కన పెట్టడం మొదలుపెట్టారు. 2011లో వచ్చిన బీగల్‌బోన్ బోర్డు విద్యార్థుల చేతుల్లోకి కూడా వెళ్లింది కాబట్టి దాన్నే చూద్దాం. అందులోని టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్‌లో లినక్స్ నడిపే ప్రధాన కోర్‌తో పాటు పీఆర్‌యూ అనే చిన్న కోర్లు రెండు ఉన్నాయి. వాటి గడియారం 200 మెగాహెర్ట్జ్, సాధారణ ఆదేశానికి 5 నానోసెకన్లు. ఒక్కో దానికి ప్రోగ్రాం కోసం 8 కిలోబైట్ల సొంత మెమరీ, మధ్యలో క్యాష్ లేదు. ఒక పిన్నును పైకి లేపడానికి ఒకే ఆదేశం చాలు. పండగలకు వీధుల్లో కట్టే రంగులు మారే ఎల్ఈడీ పట్టీలు చూశారా? డబ్ల్యూఎస్2812బి అనే రకంలో ఒక్కో బిట్‌కు 1.25 మైక్రోసెకన్లు. సంకేతం 0.4 మైక్రోసెకన్లు పైన ఉంటే సున్నా, 0.8 ఉంటే ఒకటి, తేడా 0.15 లోపే ఉండాలి. లినక్స్ ప్రోగ్రాం దీన్ని సొంతంగా చేయబోతే రంగులు మిణుకుమిణుకుమంటాయి. పీఆర్‌యూకి మాత్రం 0.4 మైక్రోసెకన్లంటే 80 ఆదేశాలు, 0.8 అంటే 160. లెక్కపెట్టుకుంటూ పోవడమే. ప్రధాన కోర్ గడియారం దీనికి కొన్ని రెట్లు, అయినా ఈ పనికి అది తగదు. 2021లో వచ్చిన ఆర్‌పీ2040 చిప్‌లో ఇలా పిన్నులను చూసుకునే ఎనిమిది చిన్న యంత్రాంగాలున్నాయి, ఖరీదు కూడా అతి స్వల్పం.

మరి ప్రతి చోటా ఇలా చేయాలా? అక్కరలేదని నా అభిప్రాయం. వేరు చేసిన కోర్ ఖాళీగా ఉన్నా బ్యాటరీ తింటుంది, రెండు కోర్ల మధ్య కబురు పంపే ప్రోగ్రాం రాయడం మొదటిసారి తల తిరిగే పని. పంచుకునే పద్ధతి కూడా ఊరికే కూర్చోలేదు. లినక్స్‌ను గడువులకు కట్టుబడేలా మార్చే ప్రీఎంప్ట్ ఆర్‌టీ కృషి సుమారు 20 ఏళ్లు సాగి, 2024లో 6.12 వెర్షన్‌తో ప్రధాన లినక్స్‌లో కలిసింది. గడువు మిల్లీసెకన్లలో ఉండి, అప్పుడప్పుడు తప్పినా ఫరవాలేని పనికి మంచి ఇంటరప్ట్ చాలు. గడువు మైక్రోసెకన్లకు దిగినప్పుడు, లేదా తప్పితే మనిషికి దెబ్బ తగిలేచోట, నేనైతే విడిగా ఒక ప్రాసెసర్ పెడతాను.

మీ కళాశాలలో లినక్స్ ఉన్న రెండు కోర్ల కంప్యూటర్ దొరికితే ఈ ప్రయోగం చేయండి. సైక్లిక్‌టెస్ట్ అనే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. నిర్ణీత వ్యవధికి మేలుకోవాలనుకుని నిజంగా ఎంత ఆలస్యంగా మేలుకుందో అది కొలుస్తుంది. మొదట మామూలుగా ఒక గంట నడపండి. నడుస్తుండగా పెద్ద ఫైళ్లు కాపీ చేయండి, తెర మీద కిటికీలు అటూ ఇటూ లాగండి. తరవాత ఒక కోర్‌ను వేరు చేసి, అదే ప్రోగ్రాంను దాని మీద మరో గంట నడపండి. రెండుసార్లూ సగటును ఒక మూల రాసుకుని, గరిష్ఠం అని ఉన్న అంకెను పెద్ద అక్షరాలతో రాయండి. వేరు చేసిన కోర్‌లోనూ ఎక్కడో ఒక చోట పెద్ద అంకె కనిపిస్తే, ఆ సమయాన్ని తీసుకున్నది ఎవరో వెతకండి.